కూజా చౌక్

నిన్న పాతబస్తీ జహనుమాలో చాయ్ తాగుతుంటే, హోటల్ టీవీలో టై కట్టుకున్న ఒక పెద్దమనిషి జనం తిరుగుబాట్లు ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి ఎలా పాకుతాయో పటం మీద బాణాలు గీసి చెబుతున్నాడు. బాణాలన్నీ జనానివే. రాజుల భయం అంతకంటే జోరుగా పాకుతుందని, దానికి మా బావ బలయ్యాడని ఆయనకెవరు చెప్పాలి?

బావ అంటే మా అక్క మొగుడు. ఇంటి గోడలు లేపి, స్లాబుకు సరిపడా సంపాదించుకొస్తానని గల్ఫ్‌లో ఒక చిన్న రాజుగారి దేశానికి డ్రైవర్‌గా పోయాడు. ఆ ఊరి నడిబొడ్డున చౌరస్తాలో తాటిచెట్టంత సిమెంటు కూజా ఒకటి ఉండేదట. మన హైదరాబాదు డ్రైవర్లందరికీ అది కూజా చౌక్. ఇంతలో పక్క రాజ్యంలో జనం, మాకూ ఓటు కావాలి, రాజు మా మాట వినాలి అంటూ ఒక చౌరస్తాలో బైఠాయించారు. అక్కడి రాజు ఫౌజును దింపి వాళ్లను చెదరగొట్టి, ఆ చౌరస్తానే తవ్వించేశాడు. బావ ఉన్న దేశంలో ఒక్కడూ గొంతెత్తలేదు. అయినా ఆ దేశపు మహారాజుకు నిద్ర పట్టలేదు. చౌరస్తా ఉంటేనే కదా జనం కూర్చునేది అనుకొని, తన కూజాను తానే పగలగొట్టించి, సిగ్నల్ పెట్టించి, దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఇక కూజా పేరెత్తితే నేరం. పైగా ప్రజల కోసమని ఒక సభను దయచేశాడు. సభ సలహా ఇవ్వొచ్చు, రాజు వినాలని మాత్రం ఎక్కడా లేదు. ఆ సభ ఇప్పటికీ నడుస్తోంది, కుర్చీలు మెత్తగా ఉంటాయట.

మా పాతబస్తీ వాళ్లకొక జబ్బుంది. లేనిదాని పేరుతోనే చోటును పిలుస్తాం. టాకీసు కూలి గోదాములు లేచినా ఆటో అన్నతో టాకీసు కాడ ఆపమనే అంటాం. బావ ఆ జబ్బును విమానంలో వెంట తీసుకుపోయాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన సాబు, దర్బారులో ఏదో అధికారి, ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగాడు. "కూజా చౌక్ పే హూ సాబ్" అన్నాడు బావ. సాబుకు మన ఉర్దూ బాగానే వచ్చు. రాజుకంటే పిరికివాడు కాబట్టి, వారం తిరగకుండా బావను విమానమెక్కించాడు.

"రాజునేమన్న తిట్టినవా ఏంది?" అని అక్క ఏడ్చింది.

"తిట్టలే. అడ్రస్ చెప్పిన."

తిట్టి ఉంటే నాకింత మంట ఉండేది కాదు. అక్క ఇంటి గోడల మీద ఇప్పటికీ రేకులే. వాన పడితే లోపల మాట వినపడదు.

హోటల్ నుంచి నేరుగా బావ దగ్గరికే పోయాను. బావ పనిచేసిన దేశంలో రాజు చచ్చి కొడుకు గద్దెనెక్కాడని టీవీలో విన్నది చెప్పాను. పేరు మాత్రం హోటల్ గోలలో వినపడలేదు.

"ఆ ముసలాయన పేరేంది బావా?"

"యాదికొస్తలేదుర. గాడికి కొత్తగ పోయిన పోరగాండ్లు గూడ గా సిగ్నల్‌ను కూజానే అంటున్నరట."

ఆ రాజు పేరును చెరిపేయడానికి కాలానికి ఈ కొన్నేళ్లు చాలాయి. మా అక్క ఇంటికి కప్పు వేయడానికే చాలలేదు.