కిటికీలోంచి వచ్చిన గొట్టం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను అక్కడి ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కొత్తగా చేరిన డిమాన్‌స్ట్రేటర్‌ని. ఆకుపసరును ఈథర్‌తో కలిపి పొడవాటి గాజుగొట్టంలోంచి దించి, అందులోని రంగులు విడిపోవడం పిల్లలకు చూపించాలి. ఈథర్ నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఎండవేడికి గదిలో అది ఆవిరైపోతోందని సీసాను వరండాలో ఎత్తుబల్ల మీద పెట్టి, బల్ల మీదా కిందా తడిగోనెలు పరిపించాను. సన్నటి రబ్బరు గొట్టాలు రెండు అతికి, కిటికీలోంచి లోపలి గాజుగొట్టానికి కలిపాను.

కాసేపటికి లోపల చుక్కలు ఆగిపోయాయి. గొట్టాన్ని తడుముకుంటూ వరండాలోకి వెళ్లాను. అతుకు ఊడి, ఈథర్ కింది గోనె మీదికి కారుతోంది. దాని మీదే మా ముసలి అటెండరు ఖాసీం సాయిబు కూర్చున్నాడు. ల్యాబు వాసనలకు ఏళ్ల తరబడి అలవాటుపడ్డ ముక్కు ఆయనది. నోట్లో బీడీ ఉంది. అగ్గిపుల్ల పెట్టెకు ఆనించి ఉంది.

అరిస్తే ఉలిక్కిపడి గీస్తాడేమోనని భయం.

అలికిడికి తలెత్తి నన్ను చూశాడు. చటుక్కున లేచి బీడీ, అగ్గిపెట్టె జేబులోకి తోసేశాడు.

"ఈడ శానా సల్లగుండాది సార్, అందుకే కూసున్నా" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆయన్ని చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కెళ్లాను.

ముందురోజే ఆయనతో, "పెద్దోడివి సాయిబూ, నన్ను చూసి బీడీ దాచుకునేదేంది, తాగు" అని చెప్పి ఉన్నాను. ఆయన నా మాట వినలేదు. వినకపోబట్టే ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి నేను మిగిలాను.