ఎనభై కాగానే లెమ్మన్న దేవదానం సారు

పోయిన మంగళవారం మధ్యాహ్నం హైదరాబాదులోని ఒక ఆసుపత్రి వాకిట్లో, నా చేయి పట్టుకునే, దేవదానం సారు కన్నుమూశారు. మెదక్‌లో ఒకే బడిలో, ఒకే స్టాఫ్ రూములో, పక్కపక్క కుర్చీల్లో మా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆయన భౌతికశాస్త్రం, నేను తెలుగు. ఎందరెందరికో సంతాప తీర్మానాలు రాసిన చేయి ఇది. దివంగతులు, పుణ్యాత్ములు, తీరని లోటు అని తడుముకోకుండా రాసేవాణ్ణి. ఇవాళ ఆయన పేరు ముందు కీర్తిశేషులు అనే మాట పెట్టడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. పెట్టలేకపోయాను.

ఈ వ్యాసం రాయమన్నది ఆయన సహధర్మచారిణి సుగుణమ్మ టీచరు గారు. "ఆఖరు దాక సారు ఎంబడి ఉన్నది మీరే అన్నా. మీరే రాయాలె, మన రిటైర్డ్ టీచర్ల పత్రికల వేయించాలె" అన్నారు. ఆ ఆఖరి ప్రయాణం గురించి ఆవిడకు నేనొక అబద్ధం చెప్పి ఉన్నాను. ఎదురుగా నిలబడి దాన్ని సరిదిద్దుకునే ధైర్యం లేకపోయింది. ఇక్కడ సరిదిద్దుకోవాలి. అంతకు ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పనివ్వండి.

రిటైరైన వాళ్లు మామూలుగా పొద్దున్నే నడుస్తారు, పేపరు చదువుతారు, ప్రభుత్వాన్ని తిడతారు. నేను చేస్తున్నది అదే. ఆయన మాత్రం హైదరాబాదు రోడ్డు మీద ఉన్న సొంత జాగాలో కార్లకు చార్జింగ్ స్టేషన్ పెట్టారు. రెండు ఫాస్ట్ చార్జర్లు, ఒక రేకుల షెడ్డు, నాలుగు కుర్చీలు. అప్పటికి మెదక్‌లో ఎలక్ట్రిక్ కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. "ఈ వయసుల ఈ పరేషాన్ ఎందుకు సార్ మీకు?" అని అడిగాను. "నౌకరి అయిపోయింది గాని పాఠం అయిపోలేదు పంతులూ" అన్నారు. నేను తెలుగు పంతుల్ని కాబట్టి నా పేరు ఆయనకు ఎన్నడూ అవసరం పడలేదు.

ఆ పాఠం కోసం ఆయన బడిలో పక్కన పడేసిన ఒక నల్లబల్ల అడిగి తెచ్చుకుని చార్జర్ పక్కనే నిలబెట్టారు. దాని మీద సుద్దముక్కతో, బ్యాటరీ ఎంత శాతం నిండితే కరెంటు ఎంత వేగంగా ఎక్కుతుందో చూపే ఒక గీత గీశారు. మొదట నిటారుగా పైకి లేస్తుంది, కొంత దూరం చదునుగా సాగుతుంది, అరవై దాటాక కిందికి వాలుతుంది, ఎనభై దాటాక జారిపోతుంది. ఇంగ్లీషులో చార్జింగ్ కర్వ్ అంటారట. టాక్సీ డ్రైవర్లు దానికి 'సారు గుట్ట' అని పేరు పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన వాళ్లెవరైనా ఆ గుట్ట ముందు పది నిమిషాలు నిలబడక తప్పేది కాదు. "మిషన్ మీద రాసి ఉన్న స్పీడు చూసి సంబరపడకుండ్రి. పెండ్లి పత్రికల టైము రాస్తరు, ఎన్నడన్న గదే టైముకు అయిందా?" అనేవారు. బ్యాటరీ ఎందుకు అలా మందగిస్తుందో రైతులకు బియ్యం బస్తాతో చెప్పేవారు. "మొదలు గంపతోని పోస్తవు. నిండుకొచ్చినంక కుదుపుకుంట కుదుపుకుంట పిడికెడు పిడికెడే పడతది. తొందరపడితె కుట్టు పిగులుతది. బ్యాటరీ కూడ గంతే." ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పిన నాకు అంత తేటగా ఒక్క సంధి కూడా చెప్పడం చేతకాలేదని ఒప్పుకుంటున్నాను.

ఆ స్టేషన్‌కు ఒకే ఒక నియమం ఉండేది. వెనక ఎవరైనా ఎదురుచూస్తుంటే, ఎనభై శాతం కాగానే తీగ తీసి పక్కకు జరగాలి. ఏడుపాయల జాతర రోజుల్లో కార్లు రోడ్డు దాకా బారులు తీరేవి. ఒక జాతరలో అల్లాదుర్గ్ వైపు నుంచి ఒక పెద్దమనిషి పెద్ద కారులో, నలుగురు అనుచరులతో వచ్చి, నూరు కానిదే కదలనని భీష్మించాడు. సారు గొడవ పడలేదు. కుర్చీ తెచ్చి ఆయన్ని మిషన్ తెర ఎదురుగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "మీరే చూడుండ్రి, ఒక్కొక్క నంబరుకు ఎంత సేపు పడుతుందో నాకు చెప్పుండ్రి" అన్నారు. ఎనభై నాలుగు మీద ఆ అంకె ఎంతకీ కదలలేదు. వెనక కారులో ఒక ముసలమ్మ ఎండకు కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. పెద్దమనిషి కాసేపు ముసలమ్మను చూశాడు, కాసేపు తెరను చూశాడు. తనే లేచి తీగ పీకేశాడు. ఇప్పుడు ఆయనే అల్లాదుర్గ్‌లో అందరికీ గుట్ట పాఠం చెబుతున్నాడని విన్నాను.

చలికాలంలో ఒక పొద్దున, కొత్తగా పెండ్లయిన జంట వచ్చారు. మిషన్ సగం వేగంతో కూడా ఎక్కించడం లేదు. కారు చెడిపోయిందని ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "కారుకేం గాలేదు బిడ్డా. సలికి బ్యాటరీ కూడ ముడుసుకుంటది. జర ఒక పది కిలోమీటర్లు తిరిగి రాండ్రి" అని పంపారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి కారు ఒళ్లు వెచ్చబడి చార్జింగ్ చకచకా ఎక్కింది. ఆయన దగ్గర మనుషులకు కూడా అలాగే కాస్త సమయం దొరికేది.

నా సంగతి వేరు. ఆయన మాట నమ్మి నేనూ ఎలక్ట్రిక్ కారు కొన్నాను. కొన్న నెలలోనే నర్సాపూర్ అడవి దగ్గర చార్జింగ్ అయిపోయి నడిరోడ్డు మీద నిలబడ్డాను. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కెళ్లారు. ఆ సిగ్గు, ఆ భయం నన్ను వదల్లేదు. వెనక ఎవరూ లేకపోతే చాలు, నూరు చూడనిదే కదిలేవాణ్ణి కాదు. సారు ఆట పట్టించేవారు. "పిల్లలకు తెలుగుల ఎన్నడన్న ఎనభై దాటనిచ్చినవా పంతులూ? కారుకు మాత్రం నూటికి నూరు కావాల్నా?" షెడ్డులో అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. భయం మాత్రం నవ్వుతో పోలేదు.

ఇక మంగళవారం. పొద్దున స్టేషన్ తాళం తీస్తుండగా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. సుగుణమ్మ గారు బంధువుల ఇంట ప్రార్థనకని రేగోడ్ వెళ్లి ఉన్నారు. సారే నాకు ఫోను చేశారు. ఊళ్లో దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు ఈసీజీ చూసి, వెంటనే హైదరాబాదు తీసుకెళ్లమన్నాడు. అంబులెన్సు వేరే కేసు మీద వెళ్లింది, రావడానికి సేపు పట్టేట్టుంది. "నీ కారు ఉన్నది గద, నడువు" అన్నారు సారు. కారులో ముప్పై శాతమే ఉంది. హైదరాబాదు దాకా రాదు. ఆయన స్టేషన్ దారిలోనే ఉంది కాబట్టి అక్కడే ఆపాం. వెనక సీట్లో పడుకుని, కళ్లు మూసుకుని, ఆయనే లెక్క చెప్పారు. "అరవై చాలు. పావుగంట. ఆడికి పోయినంక కూడ ఇంక ఇరవై మిగుల్తది."

సరిగ్గా పావుగంటకు అరవై అయింది. నేను తెర ముందు నిలబడి ఉన్నాను. ఈయన్ని వెనక వేసుకుని అడవి దగ్గర ఆగిపోతే ఏమిటన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. "అయిందా పంతులూ?" అన్నారు. "ఇంకా నలభై అయిదే సార్" అన్నాను. ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఇంకాసేపు గడిచింది. డెబ్భై, ఎనభై. ఆ తర్వాత అంకె నత్తనడక పట్టింది. వెనక సీట్లోంచి గొంతు సన్నగా వచ్చింది. "ఫ్యాన్ సప్పుడు తగ్గింది. ఎనభై దాటింది గద?" కరెంటు తగ్గితే చార్జర్ లోపలి ఫ్యాన్ నెమ్మదిస్తుంది. కళ్లు మూసుకున్నా ఆ మనిషికి ఆ మాత్రం తెలుస్తుందని నాకు తట్టలేదు. ఆయన కోప్పడలేదు. ఇంతే అన్నారు: "భయమైతుందా? సరే ఉండనియ్యి. నీకు ధైర్యం వచ్చినంకనే పోదాం."

నాకు తొంభై మూడు దగ్గర ధైర్యం వచ్చింది.

దారిలో ఎక్కడా ఆగలేదు. ఆసుపత్రి వాకిట్లో స్ట్రెచర్ వచ్చేలోపే ఆయన చేయి నా చేతిలో సడలిపోయింది. కారు నిలిపిన చోట తెర మీద యాభై మూడు శాతం కనిపించింది. సారు చెప్పిన లెక్క తూచా తప్పలేదు. అరవైతో బయల్దేరి ఉంటే ఇరవై మిగిలేది, నలభై నిమిషాల ముందు చేరేవాళ్లం. ఆ యాభై మూడు శాతాన్ని నేను ఏం చేసుకోను? మరునాడు కారు ఇంటికి నడిపించుకు వచ్చాను. అప్పటి నుంచి తాళం ముట్టుకోలేదు.

రేగోడ్ నుంచి బస్సులో వచ్చిన సుగుణమ్మ గారితో డాక్టరు నా ఎదుటే అన్నాడు, ఒక అరగంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్లమని. ఆవిడ నా వైపు తిరిగి, "ఎక్కడ లేటయిందన్నా?" అని అడిగారు. "నగరం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం చెల్లెమ్మా" అన్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని, "మీరు మాత్రం ఏం చేస్తరు" అని నన్నే ఓదార్చారు. సమాధి రోజున చర్చి దగ్గరికి డ్రైవర్లందరూ కార్లు వేసుకుని వచ్చారు. శవపేటిక మోసే వాళ్లలో ముందు నన్ను నిలబెట్టింది ఆవిడే.

మెదక్ ఒక గురువును పోగొట్టుకుంది. ఆ స్టేషన్‌లో ఎవరైనా కూర్చోవచ్చు, పాఠం చెప్పేవాళ్లు మాత్రం ఇక రారు. నా ప్రాణ స్నేహితునికి సాష్టాంగ నమస్కారం. ఇంతకంటే పెద్ద మాటలు రాసే అర్హత నాకు లేదు.

చెల్లెమ్మా, ఆ రోజు ట్రాఫిక్ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. నలభై నిమిషాలు నేనే ఆపాను. సారుకు తెలుసు, తెలిసీ నా కోసం ఆగారు. ఈ పత్రిక మీ ఇంటికి వచ్చిన రోజు నేను మీ గేటు బయట నిలబడి ఉంటాను. మీరు చదివాక పిలిస్తే లోపలికి వస్తాను. తలుపు వేసుకుంటే, ఆ చప్పుడు విని ఇంటికి వెళ్తాను.