మా ఫెన్స్ మీద క్యాండిడేట్‌గారు, ఆయన మీద నా చీర

మొన్న మంగళవారం మా ఇంటి ఫెన్స్ మీద ఒక క్యాండిడేట్‌గారు నా చీర కొంగు నెత్తిన కప్పుకుని నిలబడ్డారండీ! అవును, వాట్సాప్‌లో మీ అందరికీ వచ్చిన ఆ ఫొటో మా ఇంటిదే. నవ్వండి, నవ్వండి. టీ మాత్రం మీద పోసుకోకండి.

అసలేం జరిగిందంటే, పోయిన శనివారం పొద్దున్న ఆక్లాండ్‌లో మా మౌంట్ రాస్కిల్ ఏరియా అంతా జోరున వాన. మా వారు కిరణ్, అమ్మాయి అన్విని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళారు. నేను పెసరట్లు వేస్తున్నాను. బెల్ మోగింది. తలుపు తీస్తే తెల్లజుట్టు పెద్దాయన, తడిసి ముద్దయిపోయి, చేతిలో పాంప్లెట్లు. మా ఏరియా నుంచి పార్లమెంటుకి పోటీ చేస్తున్నారట. ఓటు సంగతి తర్వాత, ముందు తల తుడుచుకోమని టవల్ ఇచ్చాను. టవల్ ఇచ్చాక టీ ఇవ్వకుండా ఎలా? టీ ఇచ్చాక పెసరట్టు పెట్టకుండా ఎలా? అల్లం పచ్చడికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఆయన రెండోది కూడా వేయించుకున్నారు. ఆయనిచ్చిన పాంప్లెట్ మీద నేను వేడి వేడి టీ గిన్నె దించాను. పెనం మీద అట్టు మాడుతుంటే చదవడానికి టైమెక్కడిది!

వెళ్తూ వెళ్తూ, "మీ ఫెన్స్ మీద మా బోర్డు ఒకటి పెట్టుకోవచ్చా?" అని అడిగారు. మన సంగతి తెలిసిందే కదా. మనింట్లో తిన్న మనిషికి మొహం మీద వద్దని ఎలా చెప్తాం? బోర్డంటే ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు పెడతారే, అంత ఉంటుంది కాబోలనుకున్నాను. "ష్యూర్, నో వర్రీస్!" అనేశాను. ఆయన చేయి కలిపి మరీ వెళ్ళారు.

సోమవారం సాయంత్రం ఆల్బనీలో ఆఫీసు అయ్యాక రెండు బస్సులు మారి, మా వీధి మలుపు తిరిగాను. మా ఇల్లు కనబడలేదు! ఫెన్స్ మీద డబుల్ కాట్ మంచమంత హోర్డింగు. దాని నిండా పెద్దాయన నవ్వు మొహం. కింద ఎర్ర అక్షరాలు. వీసా అయిపోయినవాళ్ళు వెళ్ళాల్సిందేనట. ఇంటింటికీ చెకింగ్ పెట్టిస్తారట.

నేనూ స్టూడెంట్ వీసా మీద వచ్చినదాన్నే కదా! రెసిడెన్సీ వచ్చేదాకా మెయిల్ వచ్చిన చప్పుడైతే చాలు, గుండె ఆగినంత పనయ్యేది. అలాంటి నా ఇంటి ముందు ఈ మాటలా?

అప్పటికే ఫోన్లు మొదలు. సాండ్రింగ్‌హమ్‌లో కూరగాయలకి వెళ్ళే మనవాళ్ళందరూ మా మలుపు మీదుగానే పోవాలాయె. పద్మ ఆంటీ అయితే, "ఏమ్మా శ్రావణీ, నీకు రెసిడెన్సీ వచ్చేసింది కదా, ఇక మాకు తలుపేసేస్తావా?" అంది. నవ్వుతూనే అంది కానీ, సూటిగా తగిలింది.

దానికంటే పెద్ద బాధ పక్కింట్లో ఉంది. సేలా ఆంటీ మీలో కొందరికి తెలుసు, టోంగా దీవుల ఆవిడ. మేమిద్దరం ఉద్యోగాల్లో ఉంటే అన్విని రోజూ స్కూల్ నుంచి తెచ్చుకుని, తినిపించి, హోమ్‌వర్క్ చేయించేది ఆవిడే. ఈ దేశంలో నాకు అమ్మలాంటిది. నేను గేటు తీసిన చప్పుడైతే చాలు, "డార్లింగ్!" అని వీధంతా వినబడేలా కేకేస్తుంది. ఆ రోజు అన్విని గుమ్మం దాకా తెచ్చి వదిలి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

"అమ్మా, సేలా ఆంటీ బోర్డ్ చూసి క్రై చేసింది," అంది అన్వి. "ఆంటీ లిటిల్ గర్ల్‌గా ఉన్నప్పుడు పోలీస్ ఎర్లీ మార్నింగ్ వాళ్ళింటికి వచ్చి, వీసా అయిపోయిందని హర్ అంకుల్‌ని తీసుకెళ్ళిపోయారట. హీ నెవర్ కేమ్ బ్యాక్ అమ్మా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నాకు దూరమైపోతుందేమోనని ఒకటే భయం. పరుగెత్తుకెళ్ళి తలుపు కొట్టాను. తియ్యలేదు.

కిరణ్ వస్తూనే, "ఒక్క నో చెప్పడానికి ఏమైంది నీకు?" అన్నారు. ఎవరూ? సేల్స్ కుర్రాడి దగ్గర మొహమాటపడి, ఇంట్లో ఒకటి ఉండగానే ఇంకో వాక్యూమ్ క్లీనర్ కొన్న మహానుభావుడు! పీకేద్దాం పదండి అంటే, వాళ్ళ వస్తువు ముట్టుకుంటే కేసవుతుందేమోనని వెనక్కి తగ్గారు. సరే, టీ మరకల్లో నంబరు వెతుక్కుని పార్టీవాళ్ళకి ఫోన్ చేస్తే వాయిస్‌మెయిల్. "మీకు ఇబ్బంది లేకపోతే... వీలైతేనే... తొందరేం లేదు కానీ..." అంటుండగానే టైం అయిపోయి బీప్ వచ్చింది. అసలు సంగతి చెప్పనే లేదు!

అప్పుడు వచ్చిందండీ నాకు ఐడియా. బోర్డు ముట్టుకోకూడదు, సరే. నా ఫెన్స్ మీద నేను బట్టలు ఆరేసుకోకూడదని ఎవరన్నారు? మర్నాడు తెల్లారగానే నా ఆకుపచ్చ వెంకటగిరి చీర తడిపి, బోర్డు మొత్తం కప్పేసి, క్లిప్పులు బిగించి, హాయిగా ఆఫీసుకెళ్ళాను.

ఆక్లాండ్ గాలి సంగతి మర్చిపోయాను. క్లిప్పులు ఊడి, చీర జారి, కొంగు సరిగ్గా ఆయన నెత్తి మీద ఆగింది. జరీ అంచు భుజం మీదుగా ఎంత చక్కగా దిగిందంటే, నాకే ఎప్పుడూ అంత కుదరదు! పేరంటానికి పిలవడానికొచ్చిన ముత్తయిదువలా నవ్వుతున్నారు పెద్దాయన. బస్సు దిగేసరికి నా ఫోన్‌కే ఆ ఫొటో నాలుగు గ్రూపుల నుంచి వచ్చేసింది.

గేటు ముందు ఎవరున్నారనుకున్నారు? సాక్షాత్తూ ఆయనే! తన బొమ్మని తనే తేరిపార చూసుకుంటున్నారు.

"ఇది నిరసనా?" అని అడిగారు.

"అబ్బే, చీర ఆరేశానండీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే పక్కింటి వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డ సేలా ఆంటీ కనబడింది. మా వైపే చూస్తోంది.

"అవును," అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం. "ఆ రోజే చెప్పాల్సింది, మొహమాటపడ్డాను. నా తప్పే. మీరు మంచివారు. కానీ మీ బోర్డు నాకు వద్దు. చెకింగ్‌కి వచ్చి తలుపు కొడితే లోపలున్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ ఆంటీని అడగండి."

సేలా ఆంటీ నెమ్మదిగా మెట్లు దిగి వచ్చింది. టార్చిలైట్లు, కుక్క అరుపులు, తను మంచం కింద దాక్కోవడం, అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని, "నా ప్రపోజల్ వెనక్కి తీసుకుంటానని మాటివ్వలేను," అన్నారు. "కానీ ఇంటింటికీ అన్న ముక్క మీద మళ్ళీ ఆలోచిస్తాను. మీరు మా మీటింగుకి వచ్చి ఇదే చెప్తారా?" ఆంటీ వస్తానంది. ఆయన కారులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి బోర్డు స్వయంగా విప్పుకున్నారు. నా చీర కూడా మడతపెట్టి ఇచ్చారు, పాపం, ఉండలాగా.

కారు కదలగానే సేలా ఆంటీ నన్ను దగ్గరికి లాక్కుంది. ఆవిడ కౌగిలిలో ఊపిరాడదు, అయినా వదిలించుకోబుద్ధి కాదు. ప్రాణం లేచి వచ్చింది నాకు. "ఇవాళ్టితో నో చెప్పడం నేర్చేసుకున్నాను ఆంటీ!" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"గుడ్ గర్ల్," అంది ఆవిడ. "ఆదివారం మా చర్చి పాటల బృందంలో ఒక గొంతు తక్కువైంది. వచ్చి పాడతావా డార్లింగ్?"

పాడతానని చెప్పేశాను! అదీ టోంగా భాషలోనట! ఇంట్లో ప్రాక్టీస్ మొదలెట్టగానే కిరణ్ చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. సరే, మీరైనా ఆదివారం వచ్చి వినండర్రా అంటే... అబ్బబ్బ, అందరూ ఒక్క గొంతుతో ఎంత చక్కగా "నో" అంటున్నారో!