ఆఖరి రీలు తోకలో తిత్తి

1998 వేసవిలో నేను చిత్తూరులోని ఒక సినిమా హాలులో ఫస్ట్ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. ఫస్ట్ ఆపరేటర్ అంటే ప్రొజెక్టర్ కేబిన్‌కు పెద్ద. లైసెన్సు అతని పేరు మీదే ఉంటుంది, తప్పు జరిగితే అదీ అతని పేరు మీదే. నా కింద సెకండ్ ఆపరేటర్ బాషా. నెమ్మదస్తుడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఆ మంచి గుణమే ఆ వారం నా కొంప ముంచబోయింది.

ఆ శుక్రవారం మార్నింగ్ షోకు ఒక ఇంగ్లీషు సినిమా వేశారు. పేరుతో మనకు పని లేదు. సముద్రం ఒడ్డున పల్లె, పడవెక్కి పోయిన మొగుడు, కాచుకుని కూర్చున్న పెళ్లాం, అదీ కథ. జనం పలచన. మామిడికాయల కాలం కదా, బంగారుపాళ్యం వైపు నుంచి మాకు వచ్చే కుర్రకారంతా తోటల్లోనూ గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ ఉన్నారు.

అప్పట్లో సినిమా ఆరేడు రీళ్లుగా రేకు పెట్టెలో వచ్చేది. కేబిన్‌లో రెండు మిషన్లు. ఒకదాని మీద రీలు అయిపోయే ముందు తెర కుడి పైమూలన చిన్న చుక్క పడుతుంది. మొదటి చుక్కకు రెండో మిషను మోటారు వేయాలి, రెండో చుక్కకు బొమ్మనూ శబ్దాన్నీ అటు మార్చేయాలి. మార్చినట్టు జనానికి తెలిసిందా, ఈలలే ఈలలు. ఆఖరి రీలు చివర, సినిమాకు పనిచేసినవాళ్ల పేర్లు పాకుతూ వచ్చే ముక్కను మేము తోక అనేవాళ్లం. తోకను ఎవరూ ఆడించరు. కథ ముగియగానే దీపాలు వేయి, ఫేడర్ దించు, తలుపులు తెరువు. ఫేడర్ అంటే శబ్దాన్ని ఎక్కించి దించే మీట. ఇరవై ఏళ్లుగా నేను చేసింది అదే, బాషాకు నేర్పిందీ అదే. అసలు ఆపరేటరు సినిమా వినడు, మిషను వింటాడు. పళ్లచక్రం మీద ఫిల్ము సాఫీగా నడుస్తోందా లేదా, అంతవరకే అతని చెవి.

ఆ శుక్రవారం కథ ముగిసే సమయానికి హాలు దీపాల ఫ్యూజు పోయింది. దాన్ని వేయడానికి ఫ్యూజు పెట్టె దగ్గరికి పరిగెత్తాను, ఫేడర్ సంగతి మరిచిపోయాను. ఫ్యూజు వేసి వెనక్కి తిరిగేసరికి కేబిన్ స్పీకరులోంచి ఒక ఊదుడు వాయిద్యం. కింద ఒకే స్వరం ఆగకుండా మోగుతోంది. దాని మీద పాట మెలికలు తిరుగుతూ ఎక్కుతోంది, జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది. వెనుక ఫిడేలు దాన్ని తరుముకుంటూ వచ్చింది. ఆ తర్వాత పలక డప్పు లాంటిదేదో తకిట తకిట అని పరుగందుకుంది. నా ఒళ్లు ఝల్లుమంది. చేయి ఫేడర్ మీదికి పోయింది, కానీ దించలేదు. ఇంకో గీత పైకెక్కించాను. నాలుగు నిమిషాలు. తోకలో ఇంత పాయసం పెట్టుకుని ఇరవై ఏళ్లుగా గిన్నె కడిగేశానే అనిపించింది.

హాలులోకి చూస్తే ఖాళీ. బెంచీ క్లాసులో ఒక్క పెద్దాయన మాత్రం లేవకుండా కూర్చున్నాడు. గేటు మనిషి లెమ్మంటున్నా వినడం లేదు. నేనే దిగి వెళ్లాను. పేరు మునెప్ప. కార్వేటినగరం పక్క పల్లె, వీధినాటకం బృందంలో తిత్తి ఊదేవాడు. తిత్తి అంటే మేకతోలు సంచి. దాన్ని గాలితో నింపి చంకలో పెట్టి నొక్కితే, గొట్టంలోని రెల్లు పీకె నాటకమంతా ఒకే శ్రుతి పలుకుతుంది. సంచి పాతబడితే కొత్త తోలు కోసం మా ఊరికి వచ్చి, ఎండకు తాళలేక హాలులో దూరాడు.

"అప్పా, ఇప్పుడు ఊదింది తిత్తే. నాది ఒక్క సురమే పలుకుతాది, అది పాటే పాడతా ఉండాది. కానీ కింద ఆగకుండా మోగేది వినినావా? అది మాత్రం నాదే" అన్నాడు.

నాకు నమ్మకం కలగలేదు. భోజనం మానేసి ఆఖరి రీలును రీవైండు బల్ల మీద పెట్టి, తోకను బల్బుకు అడ్డంగా పట్టి, భూతద్దంతో ఒక్కో పేరూ చదివాను. వాయించినవాళ్ల వరుసలో ఐర్లండు పైపులు అని ఉంది. నాలుగో రీలులో పెళ్లి ఘట్టం ఉంది. అందులో కుర్చీలో కూర్చున్న ఒకాయన ఒక చంకలో తోలుసంచి, రెండో చంకలో కొలిమితిత్తి లాంటిది పెట్టుకుని, నోటితో పని లేకుండా మోచేతులతోనే ఊదుతున్నాడు. ఆ పొద్దున నా చేత్తోనే ఆడించాను, చూడనే లేదు. సిగ్గేసింది.

మునెప్ప మరునాడు మళ్లీ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. చేతిసంచిలో తన తిత్తి. తోక మొదలవగానే చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కి, శ్రుతి కలవకపోతే పీకె మీద మైనం అద్దేవాడు, గీకేవాడు. మంగళవారానికి రెండూ కలిసిపోయాయి. ఏది తెరదో ఏది చంకదో నాకు తెలియలేదు. పెళ్లి ఘట్టం రాగానే ఆయన కేబిన్ వైపు తిరిగి తల ఊపేవాడు, నేను ఫేడర్ ఒక గీత ఎక్కించేవాణ్ణి. ఇద్దరం పసిపిల్లల కంటే అన్యాయమైపోయాం. మ్యాట్నీకి ఆలస్యమవుతోందని మేనేజర్ ద్వారకనాథం గొణిగితే, ప్రింటు పరీక్ష చేస్తున్నానని బొంకాను.

ఆ రోజే మునెప్ప అసలు సంగతి చెప్పాడు. బృందానికి నాయకుడు మునెప్ప మేనల్లుడు చెంగల్రాయుడు. కరెంటుతో మోగే శ్రుతిపెట్టె కొన్నాడట. వచ్చే నాటకం నుంచి తిత్తి అక్కరలేదు, ఇంటిపట్టున ఉండు మామా అన్నాడట. ముప్పై ఏళ్లు ఊదినవాణ్ణి గుడ్డలు మడతపెట్టమన్నట్టు. "గురువారం వాణ్ణి పిలుచుకొస్తా. సీమదొరలు గూడా దీన్ని ఇడిసిపెట్టలేదని వాడు ఒక్కసారి సూడాల. ఆపైన వాడిష్టం" అన్నాడు. సినిమాకు గురువారమే ఆఖరు ఆట. ఆట కాగానే పెట్టె గూడూరు పోవాలి.

బుధవారం నాకు వారపు సెలవు. గురువారం ఆఖరి రీలుకు ముందు రీలు నడుస్తుండగా, రెండో మిషను మీదికి ఎక్కించడానికి ఆఖరి రీలు తీశాను. చేతికి పలచగా తగిలింది. తోక ఏదని బాషాను అడిగాను. తోకలో పక్క రంధ్రాలు చిరిగాయని, చిరిగిన చోటల్లా కోసి బుట్టలో వేశానని చెప్పాడు. "తోక ఎవురూ సూడరు, చిరిగితే కోసి పారెయ్యమని నువ్వే గదన్నా చెప్పింది?" అన్నాడు. అతన్ని ఏమనను? నా పాఠమే నాకు అప్పజెప్పాడు. హాలులోకి బొమ్మ పడే పోర్టు కిటికీలోంచి చూస్తే బెంచీలో మునెప్ప, పక్కన నలభై ఏళ్ల మనిషి ఒకరు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నా చేతిలో రెండు రీళ్ల కాలం ఉంది, సుమారు ముప్పై అయిదు నిమిషాలు. మిషన్లు బాషాకు అప్పజెప్పి బుట్ట బోర్లించాను. ఎనిమిది ముక్కలు. పేర్ల వరుస చదువుకుంటూ ముక్కల వరుస పట్టుకున్నాను. అతుకు వేయడం అంటే ఒక అంచున మందు పూత గీకి, ఫిల్ము సిమెంటు రాసి, బిగించి ఆరనివ్వడం. అతుకు దగ్గర శబ్దపు గీత మీద నల్ల ఇంకు ముక్కోణంగా పూయాలి, లేకపోతే స్పీకరులో టప్పుమంటుంది. ఏడు అతుకులు. ఆఖరి అతుకుకు ఆరే సమయం ఇవ్వలేకపోయాను. తోకను విడిగా చిన్న రీలుకు చుట్టి, ఖాళీ అయిన మొదటి మిషను మీద ఎక్కించాను. చుక్కలు లేవు కనుక కథానాయిక తలుపు మూసే చప్పుడునే గుర్తుగా పెట్టుకుని మార్చేశాను. ఈల పడలేదు.

పైపులు అందుకున్నాయి. ఒకటో అతుకు దాటింది, రెండు, మూడు. ఒక్కొక్కటి మిషను గేటు దాటుతుంటే నేను పళ్లు కొరుక్కుంటూ లెక్కపెట్టాను. ఆరు దాటింది. ఏడో దాని దగ్గర టప్పున తెగింది. తెర చీకటి, కేబిన్ స్పీకరు మూగ, ఫిల్ము నా కాళ్ల దగ్గర కుప్పగా పడింది. అంతా అయిపోయిందనుకున్నాను. కానీ శ్రుతి ఆగలేదు. మిషను ఆగిపోయాక శబ్దం ఎక్కడిదని ఒక్క క్షణం నా బుర్ర పనిచేయలేదు. అది పోర్టు కిటికీలోంచి వస్తోంది. మునెప్ప తిత్తి నొక్కుతూనే ఉన్నాడు, అదే స్వరం, అణువంత తేడా లేదు. చీకట్లో చెంగల్రాయుడు బెంచీ చెక్క మీద తకిట తకిట వేశాడు. ఆ శ్రుతి మీద నాటకంలో రాజు సభకు వచ్చేటప్పుడు పాడే దరువు ఎత్తుకున్నాడు. అరవడానికి వచ్చిన ద్వారకనాథం తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మ్యాట్నీ పది నిమిషాలు ఆలస్యమైంది.

నేను కిందికి వెళ్లి, తెగింది నా అతుకే, తప్పు నాదని ఒప్పుకున్నాను. చెంగల్రాయుడు బెంచీ మీద నుంచి లేచాడు. మేనమామ వైపు తిరిగి, "మామా, ఆ పెట్టె గూడా ఇట్లే ఆగిపోతాది. కొత్త తోలు కట్టించుకో, ఆదివారం ఆట ఉండాది" అన్నాడు. మునెప్ప తిత్తిని మడిచి సంచిలో పెట్టుకుని, చేతిలోని మైనం ముద్దను జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తోకను ఆఖరి రీలుకు అతికి, అన్ని అతుకులూ ఆరాకే పెట్టె మూశాను. గూడూరు ఆపరేటరుకు ఒక చీటీ పెట్టాను: తోకలో ఎనిమిది అతుకులున్నాయి, అయినా ఆడించగలరు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఇంగ్లీషు ప్రింటు ఏది వచ్చినా ముందు తోక చదివేవాణ్ణి. పైపులు, ఫిడేలు, తగరపు పిల్లనగ్రోవి అని ఎక్కడ కనిపించినా బాషాను కేకేసేవాణ్ణి. యుద్ధం సినిమాల్లో, ఓడల సినిమాల్లో, శవాన్ని ఎత్తే చోట, పెళ్లి చిందుల్లో ఆ సంగీతం మాకు చాలాసార్లు దొరికింది. దొరికిన రోజు ఇద్దరికీ పండగే.

నేర్చుకున్నది ఒక్కటి. చిరిగినదాన్ని అతకడం ఆపరేటరు పని. ఎవరూ వినరని తేల్చి కోసేసే అధికారం కేబిన్‌కు లేదు. ఈ మాటే గోడ మీద సుద్దతో రాయించాను, రాసింది బాషా.