రేణు గుమ్మం తొక్కని కొట్టు

మెస్కిట్ వెల్స్‌లో ఉంటున్నామని చెప్పుకోవడం రేణుకి నామోషీ. చాండ్లర్‌లోని స్నేహితురాళ్లు ఎవరైనా అడిగితే "ఫీనిక్స్ సైడే" అనేది. ఆ సైడుకీ ఈ ఊరికీ మధ్య మూడు గంటల ఎడారి ఉందన్న సంగతి మటుకు మింగేసేది. భర్త, డాక్టర్ శ్యామ్‌సుందర్, వీసా షరతు ప్రకారం ఈ పల్లెటూరి క్లినిక్‌లో మూడేళ్లు పనిచెయ్యాలి. ఏడాదిన్నర గడిచింది. మిగిలినదాన్ని ఆవిడ పళ్ల బిగువున నెట్టుకొస్తోంది.

ఊరంటే ఏముంది గనక? ఓ చర్చి, ఓ పోస్టాఫీసు, నాలుగు గదుల బడి, బడికెదురుగా ఒకే ఒక్క కొట్టు. జనమా, బ్రెడ్డు పాకెట్టు కొనడానికొచ్చి ఎవరి మేకకి కడుపుబ్బిందో ముప్పావుగంట చెప్పుకునే రకం. బురద బూట్లతోనే లోపలికొచ్చేస్తారు. కొట్టు నడిపే ప్యాటీ అయితే కనబడ్డవాళ్లనల్లా 'హనీ' అంటుంది, ఆఖరికి డాక్టర్ని కూడా. వచ్చిన కొత్తలో రేణు వెళ్లి పచ్చిమిరపకాయలు అడిగితే, సీసాలో ఊరేసినవి తెచ్చి చూపించింది. ఆ రోజు మొహం చిట్లించుకుని వచ్చేసిన మనిషి మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

తొక్కాల్సిన అవసరమూ రానివ్వలేదు. నెలకో శనివారం వ్యాన్ వేసుకుని చాండ్లర్ వెళ్లి అక్కడి ఇండియన్ స్టోర్‌లో బియ్యం, కందిపప్పు, బెండకాయలు, మునక్కాడలు, కరివేపాకు, ఆఖరికి అగ్గిపెట్టెలతో సహా తెచ్చుకునేది. గరాజ్‌లో రెండు ఫ్రీజర్లు. ఇడ్లీ పిండి సైతం తారీఖు చీటీలు అంటించిన డబ్బాల్లో గడ్డకట్టి ఉండేది. ఒకసారి పాలు నిండుకుంటే, నడిచి వెళ్లే దూరంలో ప్యాటీ కొట్టు ఉండగా, నలభై మైళ్ల అవతలి టౌన్‌కి పోయి తెచ్చింది. దాన్ని పట్టుదల అనుకుంది గానీ, ఉత్త పొగరని ఒక్కనాడూ అనిపించలేదు.

కూతురు నైనికకి పదేళ్లు. ఆ బడి సంగతెత్తితే రేణుకి ఒళ్లు మండేది. వారానికి నాలుగే రోజులు బడి, రెండు తరగతులకి ఒకటే గది, హోంవర్కు మాటే లేదు. "దీన్ని స్కూల్ అంటారా? డేకేర్ అంటారు," అనేది. అందుకే ఇంట్లో రోజూ రెండు గంటలు ఆన్‌లైన్ మాథ్స్ కోచింగ్ పెట్టించింది. ఏప్రిల్‌లో కౌంటీలోని పిల్లలందరికీ ఒకే రోజున రకరకాల పోటీలు జరుగుతాయి. అందులో మాథ్స్ పోటీలో నైనిక గెలవాలి, పల్లెలో పడి పిల్ల పాడైపోలేదని చాండ్లర్ వాళ్లకి తెలిసిరావాలి. ఏడాదిన్నరగా రేణు ప్రాణాలన్నీ ఆ పోటీ మీదే ఉన్నాయి.

పోటీ పదిరోజులుందనగా, దాని గురించి బడినుంచి ఇంకా ఈమెయిల్ రాలేదేమిటని, సాయంత్రం పిల్లని తీసుకొచ్చే వేళకి కాస్త ముందే బడికి వెళ్లింది. బడి వదిలాక గంటసేపు రీడింగ్ క్లబ్ ఉంటుందని నైనిక చెప్పేది. టీచర్ తాపీగా, పేర్లివ్వడానికి గడువు శుక్రవారంతోనే అయిపోయిందని చెప్పింది. నాకెవరూ చెప్పలేదేమని రేణు ఒంటికాలి మీద లేచింది. టీచర్ తెల్లబోయింది. ఊళ్లోవాళ్లంతా పాలకో బ్రెడ్డుకో ప్యాటీ కొట్టుకి వస్తారు గనక బడి కాగితాలన్నీ ఆ తలుపుకే అంటిస్తామనీ, ఇదీ మూడు వారాలుగా అక్కడే ఉందనీ చెప్పింది. రీడింగ్ క్లబ్ గురించి అడిగితే, అలాంటిదేమీ లేదంది.

రేణు గబగబా బయటికొచ్చి భర్తకి ఫోన్ చేసింది.

"ఆ పేపరా? చూశానుగా. రోజూ కాఫీకి వెళ్తాను కదా."

"చూసి నాకు చెప్పరా?"

"డోర్ మీదే ఉంది కదా రేణూ, నైనికని పికప్ చేసేటప్పుడు నువ్వూ చూసే ఉంటావనుకున్నా. అయినా టెన్షన్ పడకు, నైనిక పేరుంది అందులో. నాకు బాగా గుర్తు."

పేరుందనేసరికి రేణుకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క అంగలో రోడ్డు దాటి కొట్టు తలుపు ముందు నిలబడింది. మాథ్స్ పోటీ కింద రెండు పేర్లున్నాయి. వాటిలో నైనిక లేదు. కింద మేకపిల్లల పెంపకం పోటీ అని ఇంకో వరస. అక్కడుంది, గుండ్రటి అక్షరాల్లో, నైనిక. పక్కన 'ఆ రోజు తోడు వచ్చే పెద్దవారు' అన్నచోట అదే దస్తూరీతో 'ప్యాటీ ఆంటీ' అని రాసుంది.

అద్దంలోంచి చూస్తే, లోపల పిల్ల నేలమీద కూర్చుని మేకపిల్లకి సీసాతో పాలు పడుతోంది. రేణు తలుపు తోసింది.

"మమ్మీ! నువ్ ఇక్కడికి వచ్చావ్?" నైనిక కళ్లు ఇంతయ్యాయి.

"మమ్మీని నేనుండగా ఆవిడ పేరెందుకు రాశావే?" రేణు తలుపు మీది కాగితం వైపు వేలు చూపించింది.

"నువ్ ఈ స్టోర్ పీపుల్‌తో ఉండవ్ కదా మమ్మీ." పిల్ల గొంతులో కోపం లేదు, భయమూ లేదు. "ఆ రోజు అందరూ వీళ్లే వస్తారు. ప్యాటీ ఆంటీ వస్తాను అంది. నేను నిన్ను అడగలేదు."

రేణుకి తల కొట్టేసినట్టయింది. కౌంటర్ వెనకనుంచి ప్యాటీ నవ్వుతూ, ఏం కావాలి హనీ అని అడిగింది. ఇంట్లో రెండు ఫ్రీజర్ల నిండా అన్నీ ఉన్నాయి. ఏం అడగాలో రేణుకి తోచలేదు.