బుడగలో పడ్డ మాట

వంటింట్లో వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు వినగానే బుడగలమ్మ గుండె జారిపోయింది. వదిన చేతిలో ఉన్నది నవ్వొచ్చే పుస్తకం కాదు. ప్రెస్సు నుంచి వేడివేడిగా వచ్చిన బొమ్మల కథ కొత్త సంపుటం. ఆ చివరి పేజీలు చదివితే ఏడవాలి, లేదా పుస్తకాన్ని గోడకేసి కొట్టాలి.

"ఏమే! నీ రచయితకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే!" అంటూ వదిన గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఎలా కడిగేసిందో చూడు పిల్ల! 'నిన్నా? నీ మొహానికి నేనా? మా ఊరు తగలబెట్టిన చేత్తో నా చెయ్యి పట్టుకుంటావా? పో అవతలికి!' అబ్బ, కడుపు నిండిందనుకో."

 ఆ మాటలు రచయితవి కావు. బుడగలమ్మవి.

ఆవిడ పని మాంగా అనే పరదేశపు బొమ్మల కథల్లో మాటల బుడగలు నింపడం. బొమ్మలు అక్కణ్ణుంచే వస్తాయి, బుడగలు ఖాళీగా ఉంటాయి. ఆఫీసులో అనువాదాలు చూసే మాస్టారు తెలుగు చేసిన మాటల్ని ఈవిడ వాటిలో కూర్చోబెట్టాలి. వినడానికి తేలిక. ఆ భాషవాళ్లు నిలువుగా రాసుకుంటారు కాబట్టి బుడగలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మన అక్షరాలేమో అడ్డంగా పరుచుకుని, కిందకి ఒత్తులు వేలాడదీస్తాయి. లావుపాటి మనిషిని ఇరుకు చొక్కాలోకి దూర్చినట్టే. అందుకని మాస్టారి దగ్గర్నుంచి అసలు మాటలు వచ్చేలోగా ఉత్తుత్తి మాటలేవో పెట్టి కొలత చూసుకుంటుంది. వేరేవాళ్లయితే ఒకే అక్షరం వరసగా కొట్టి ఊరుకుంటారు. ఈవిడ నోటికొచ్చింది కొడుతుంది. పేజీలతో పోట్లాట పెట్టుకోవడం ఆవిడకి కాలక్షేపం.

పోట్లాటకి కారణం లేకపోలేదు. కథలో నాయిక సముద్రంలో మునిగిన ఓడల్ని వెలికితీసే పిల్ల. ఆమె నీళ్ల అడుగున ఉన్నంతసేపూ పైన పడవలో కూర్చుని, గాలి గొట్టం మెలిక పడకుండా చూసేవాడు ఒకడున్నాడు. పడవవాడు. మొదటి సంపుటం నుంచీ వాడి చేతిలోనే ఆమె ప్రాణం. అలాంటివాణ్ణి రచయిత మెల్లమెల్లగా జోకర్ని చేశాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడవ మీదే ఉన్నవాడికి వాంతులు పట్టించాడు. ఆఖరికి ఏదో రేవులో తాళ్లు అమ్ముకోమని వదిలేశాడు. ఆ పిల్ల ఊరు తగలబెట్టిన కెప్టెనుకేమో చెంప మీద గాటు, చిన్నప్పటి కష్టాలు, వానలో ఒక్క కన్నీటి చుక్క. ఆ చుక్కతో ఊరంతా ఆరిపోయినట్టే. కొత్త సంపుటం చివర వాడు చెయ్యి చాపితే, పేజీలో సగం ఉన్న బుడగలో పిల్ల అన్న మాట ఒకటే: "సరే."

ఆ "సరే" దగ్గరే బుడగలమ్మ చెయ్యి ఆడలేదు. పేజీలో మిగతా బుడగలన్నీ మార్చింది. దీని దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మండి, టీ తాగొస్తానని లేచింది. తిరిగొచ్చి, ఆ పేజీ అయిపోయిందనుకుని తర్వాతిది తెరిచింది. మాస్టారు తన రాతప్రతి చూసుకుంటారు గాని పేజీలు చూడరు. ఆఫీసు నడిపే మేడమ్ బొమ్మలు చెదిరాయా లేదా చూస్తారు గాని మాటలు చదవరు. ఉత్తుత్తి మాట ఎవరి కంటా పడకుండా అచ్చయిపోయింది.

"అలా పాలిపోయావేంటే? కళ్లు తిరుగుతున్నాయా?" అంది వదిన.

"తిరగట్లేదు వదినా, ఉద్యోగం పోయింది."

సంగతంతా విన్నాక వదిన గరిటె కింద పెట్టింది. మళ్లీ తీసుకుంది. "ఆ దేశంవాళ్లకి మన భాష రాదుగా. నోరు మూసుకుని కూచో."

రోజంతా అదే జపం చేసింది బుడగలమ్మ. వాళ్లకి మన భాష రాదు.  ఆఫీసులో ఫోను మోగితే ఉలిక్కిపడింది. మేడమ్ గది తలుపు కిర్రుమంటే పేజీల వెనక తల దాచుకుంది. ఆ దేశంవాళ్లతో చేసుకున్న ఒప్పందంలో స్పష్టంగా ఉంది: మాట మారిస్తే హక్కులు వెనక్కి తీసుకుంటారు. ఆ మాంగా పోతే ఆఫీసు పోతుంది, ఆఫీసు పోతే బుడగలు పోతాయి. నలభై దాటిన మనిషికి బుడగలు నింపడం తప్ప మరో పని రాదు. అన్నయ్య ఇంట్లో తలెత్తుకుని తిరుగుతున్నదే ఆ పని ఉండబట్టి.

ఇక్కడ అంతరాత్మ మేల్కొందని రాస్తే బావుంటుంది. అదేం లేదు. మధ్యాహ్నం తర్వాతి సంపుటం పేజీలు వచ్చాయి. తెరిస్తే పెళ్లి. పిల్ల తెల్లబట్టల్లో, కెప్టెను గాటుతో సహా. పో అవతలికి అని తరిమినవాడితో మరుసటి సంపుటంలో పెళ్లేమిటని ప్రతి పాఠకుడూ అడుగుతాడు. ఎలాగూ దొరికిపోతుంది. అందుకే లేచి, పుస్తకం పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లి చెప్పేసింది. అంతకు మించి గొప్పేమీ లేదు.

మేడమ్ పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి చదివారు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది.

"షాపులకి వెళ్లినవి వెనక్కి రప్పిస్తాను. బుడగ సైజులో స్టిక్కర్లు కొట్టించి 'సరే' అతికించు. నీ చేత్తోనే. ఆ దేశంవాళ్లకి నేను రాస్తాను. నిన్ను తీసెయ్యమంటే తీసేస్తాను. ముందే చెబుతున్నా, ఏడవద్దు."

"ఏడవను మేడమ్," అని బయటికొచ్చి ఏడిచింది.

అప్పట్నుంచి కట్టలు విప్పడం, పేజీ తిప్పడం, స్టిక్కరు అతికించి బొటనవేలితో రుద్దడం. తన కోపం మీద ఆ పిల్ల ఒప్పుకోలు. ఇంట్లో వదిన కాపీకి కూడా ఒకటి తీసుకెళితే, "దాని మీద చెయ్యేశావో, విరగ్గొడతా," అని వదిన పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచేసింది.

ఆ దేశం నుంచి జవాబొచ్చింది. తీసెయ్యమనీ లేదు, ఉంచమనీ లేదు. రచయిత ఒక్కటే అడుగుతున్నారట: ఆ బుడగలో ఏముంది? అక్షరం పొల్లుపోకుండా మా భాషలో రాసి పంపండి.

 బుడగలమ్మ పక్కన కూచుని మాస్టారు కలం మూత తీశారు.

"భయపడకు తల్లీ. 'క్షమించండి, నాకు కొంచెం వ్యవధి కావాలి' అని రాసి పారేద్దాం. పీడా పోతుంది. అక్కడెవడికి తెలుస్తుంది?"

ఎంత సుఖమైన దారి! తల ఊపబోయింది. కాని మెడ కదల్లేదు. మరో దొంగ మాట. ఇదీ బయటపడితే? ఈసారి తనతోపాటు ముసలాయన కూడా పోతాడు. పైగా ఆ పిల్ల వ్యవధి అడగడమేమిటి, అసహ్యంగా.

"ఉన్నదున్నట్టే రాయండి మాస్టారూ," అంది.

"'నీ మొహానికి' అన్నదాన్ని ఆ భాషలో ఎలా చెప్పనే? వాళ్లు చాలా మర్యాదస్తులు."

"మర్యాద లేకుండా చెప్పండి."

మాస్టారు తల గోక్కుంటూ రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. 

మళ్లీ జవాబొచ్చేదాకా తిన్నది ఒంటికి పట్టలేదు. నిద్రలో కెప్టెను వచ్చి ఉద్యోగం అడిగాడు. మేడమ్ పిలిచిన రోజున లోపలికి నడిచింది. మాస్టారు అప్పటికే కుర్చీలో ఉన్నారు, చేతిలో కాగితం.

"నిన్ను ఉంచుకోమన్నారు," అన్నారు మేడమ్. "ఇకమీదట ప్రతి పేజీ మాస్టారు చూసి సంతకం పెట్టాలి. కొలతలకి అంకెలు తప్ప ఇంకేం కొట్టకూడదు."

 బుడగలమ్మ అడక్కుండానే ఎదుటి కుర్చీలో కూచుంది.

"రచయిత నీకు విడిగా ఒక ముక్క రాశారు," అంటూ మాస్టారు కాగితం దూరంగా పట్టుకుని చదివారు. "'ఈ మాట ఆ అమ్మాయి చేత అనిపించాలని నేనూ చాలా ప్రయత్నించాను. కాని ఆమె అనదు.'"

  

"అనదట!" అంది బుడగలమ్మ. "మరి రాస్తున్నదెవరటా?"