మొదటి వరసలో కనబడిన పేరు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బ్లాగులో పడిన పేరు వల్ల తండా యువకుడొకరికి రావలసిన కానిస్టేబుల్ ఉద్యోగం రాలేదు. ఆ పేరు రాసింది అతని సొంత బావేనని ఆ ఇంట్లో ఇవాళ్టికీ నమ్ముతారు. ఆ బావ నా మిత్రుడు. పేరు రాసింది అతను కాదు, నేను.

అప్పుడు జనగామ బస్టాండు ఎదురుగా నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. హాల్ టికెట్లు, పరీక్ష ఫలితాలు, దరఖాస్తులు, అదే నా పని. మిత్రుడు పక్క వీధిలోని ప్రైవేటు బడిలో తెలుగు సారు. గూడూరు దగ్గరి తండాలో పుట్టి చదువుకొని వచ్చినవాడు, పెళ్లి కూడా ఆ పక్క తండాలోనే చేసుకున్నాడు. బడి అయిపోగానే దీక్షా శిబిరాలు తిరిగేవాడు. పాలకుర్తి, ఘన్‌పూర్, మానుకోట, ఎక్కడ ఏం జరిగినా చూసి వచ్చి రూళ్ల కాగితాల మీద రాసేవాడు. అతనికి టైపింగ్ రాదు. నేను కొట్టి పెట్టేవాణ్ని.

ఎక్కడ పెట్టాలన్న దగ్గరే మొదటి తగువు వచ్చింది. తెలుగువాళ్లు నలుగురు కలిసి నడిపే సైటు ఒకటి ఉండేది. సభ్యులుగా చేరినవాళ్లే లోపలికి వెళ్లి చదవగలరు. అక్కడ రాసింది సెర్చ్‌లో రాదు. ఇంకోటి బయటి కంపెనీవాళ్ల ఉచిత బ్లాగు. అందులో పొద్దున పెట్టింది సాయంత్రానికి ఎవరు వెతికినా కనబడేది. మిత్రుడికి మొదటిది చాలనిపించింది.

"గా సైట్ల మనోళ్లు సదువుతరు గదనే. సాలదా?"

నేను అతని ముందే మన జిల్లా పేరు, బంద్ అన్న మాట కలిపి వెతికి చూపించాను. మొదటి వరసలో తగలబడుతున్న బస్సు. రెండో వరసలో మన మాటతీరును వెక్కిరిస్తూ ఎవరో రాసిన జోకులు.

"సూడు సారూ. మన గురించి ఎతికితే గిది అస్తంది. నీ రాతలు మనోళ్లు సదివితే ఏమస్తది? ఎక్కిరించేటోడు ఎతికినా మనమే ముందల కనవడాలె."

"ముందల కనవడితే తన్నులు గూడ ముందల మనకే పడ్తయన్నా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే అతని పేరు మీద ఉచిత బ్లాగు తెరిచాను. తాళం, అంటే పాస్‌వర్డు, నా దగ్గరే ఉంది.

తర్వాత ఆ విద్య మీద నాకు పిచ్చి పట్టింది. సెర్చ్‌కు ఫోటో అర్థం కాదు, అక్షరాలే అర్థమవుతాయి. అందుకని ఫోటో కింద వివరం రాయాలి. అప్పటికి తెలుగులో వెతికేవాళ్లు తక్కువ కాబట్టి శీర్షిక ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా పెట్టాలి. ఊరి పేరు, మనిషి పేరు శీర్షికలోనే ఉంటే ఇంకా పైకి వస్తుంది. పేర్లకు కొదవ లేదు. రిలే దీక్షా శిబిరంలో ఆ రోజు కూర్చున్నవాళ్ల పేర్లు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాళ్లు. పేరు తప్పిపోతే గొడవలయ్యేవి. "పొద్దుగాల సంది ఉపాసమున్న, నా పేరేది?" అని ఒక పెద్దమనిషి బల్లనే ఎత్తుకుపోబోయాడు. ఆ పేర్లన్నీ బ్లాగులోకి ఎక్కించాను. జనం నా సెంటర్‌కు వచ్చి తమ పేరు తామే వెతికించుకొని, ప్రింటు తీయించుకొని, మడిచి జేబులో పెట్టుకొని పోయేవారు. పేరు కనబడటం గౌరవమని అందరం అనుకున్నాం.

మిత్రుడి బామ్మర్ది అప్పుడు మానుకోటలో గది తీసుకొని ఉండేవాడు. కానిస్టేబుల్ పరుగులో, రాతపరీక్షలో నెగ్గి, ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ ఇంట్లో సర్కారు నౌకరి మొహం చూసినవాడు అంతకుముందు లేడు. మానుకోట అవతల జరిగిన రైల్ రోకోలో అతనూ పట్టాల మీద పడుకున్నాడు. మిత్రుడు ఫోనుతో ఫోటో తీశాడు. అందులో బామ్మర్ది పక్కనే మా బాబాయి కొడుకు ఉన్నాడు.

కాగితం మీద మిత్రుడు ఇద్దరినీ 'యువకులు' అనే రాశాడు. నేను శీర్షికలో బామ్మర్ది పేరు, ఫోటో కింద అతని తండ్రి పేరు, తండా పేరు చేర్చాను, రెండు లిపుల్లోనూ. మా తమ్ముణ్ని 'మరొక యువకుడు' అని వదిలేశాను. ఎందుకలా చేశావని ఎవరైనా అడిగితే తోచలేదని చెప్పాలని చాలాకాలం అనుకున్నాను. తోచింది. మా తమ్ముడు కూడా ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నాడు.

మర్నాడే మిత్రుడు పరుగున వచ్చాడు.

"అన్నా, మా బామ్మర్ది పేరు తీసెయ్యి. వానికి ఆర్డరు రావాలె."

"తీస్త తియ్. పరేషాన్ గాకు."

తీయలేదు. ఆ పేజీ పైకి ఎగబాకుతోంది. రైల్ రోకో అని వెతికితే మొదటి వరసలో మాదే వస్తోంది. రెండు రోజులు చూసి తీద్దామనుకున్నాను.

జనం ఏ మాటలు వెతికి మన దగ్గరికి వచ్చారో బ్లాగు లోపలి పేజీ ఒకటి చూపిస్తుంది. పొద్దున షట్టరు ఎత్తగానే ముందు అదే చూసేవాణ్ని. మొదట 'రైల్ రోకో ఫోటోలు' అని వెతికారు. తర్వాత 'రైల్ రోకో ఎవరెవరు' అని వెతికారు. ఆ తర్వాత బామ్మర్ది పేరొక్కటే. మరుసటి రోజు అతని పేరు, తండ్రి పేరు, తండా పేరు కలిపి వెతికారు. అదే వరస ఒకే పొద్దున మళ్లీ మళ్లీ కనబడింది. ఎవరో అతని కోసమే వస్తున్నారు, వచ్చి పేజీ చూసి పోతున్నారు. దాన్ని నేను అభిమానం అనుకున్నాను. ఆ పేజీని ప్రింటు తీసి గోడకు అంటించాను.

రైల్ రోకో మీద కేసు పెట్టిన సంగతి అంతకుముందే పత్రికలో చదివాను. ఇద్దరు నాయకుల పేర్లు, 'మరికొందరు' అని ఉంది. ఆ మరికొందరు ఎవరో చెప్పేది మా పేజీ ఒక్కటేనని నాకు తట్టలేదు.

వారం తిరక్కుండానే తండాకు పోలీసు జీపు పోయింది. వచ్చినవాళ్ల చేతిలో మా పేజీ ప్రింటు ఉందట. బామ్మర్ది పేరు కేసులోకి ఎక్కింది. ఆర్డరు ఆగిపోయింది.

విన్న వెంటనే పేజీ తుడిచేశాను. తుడిచి వెతికి చూశాను. మొదటి వరసలో అతని పేరు అలాగే ఉంది. నొక్కితే సెర్చ్‌వాళ్లు దాచుకున్న పాత నకలు తెరుచుకుంది, ఫోటోతో సహా. రోజుకు పదిసార్లు వెతికేవాణ్ని. ఆ నకలు మాయం కావడానికి చాలా రోజులు పట్టింది.

విచారణకు మా ఇద్దరినీ పిలిచారు. మా పెద్దనాన్న ఊళ్లో నాయకుడు. నా ఇంటిపేరు వినగానే కుర్చీ వేసి టీ తెప్పించారు. మిత్రుడు నిలబడే ఉన్నాడు.

"గీ పేరు ఎవలు రాసిన్రు?" అని అడిగాడు ఆఫీసరు.

మిత్రుడు నావైపు చూశాడు. నేను టీ గ్లాసులోకి చూశాను.

"నేనే సార్" అన్నాడు.

ఆ తర్వాత అతను నా సెంటర్‌కు కాగితాలు తేలేదు. అత్తగారింట్లో అతన్ని గడప తొక్కనివ్వలేదు. భార్య పండుగలకు ఒక్కతే పోయి వచ్చేది. రాష్ట్రం వచ్చింది, కేసులు ఎత్తేశారు. అప్పటికి బామ్మర్దికి వయసు దాటిపోయింది.

ఈమధ్యే భూపాలపల్లి వెళ్లాను. బామ్మర్ది అక్కడ బొగ్గు గనుల దగ్గర టిప్పర్ నడుపుతున్నాడు. పక్కనున్న హోటల్లో కూర్చొని జరిగిందంతా చెప్పాను. "మీ బావ రాయలే. నేను పెట్టిన. తీసెయ్యమంటే తీయలే."

అతను బల్ల మీది బొగ్గు పొడిలో వేలితో గీతలు గీశాడు.

"మీ తమ్ముడు గూడ ఉండె గద గా ఫోటోల?"

"ఉండె."

"ఆయన పేరెందుకు పెట్టలే?"

నేను మళ్లీ టీ గ్లాసులోకి చూశాను.

"ఇప్పుడేం జేస్తుండు?"

"సర్కారు నౌకరే."

అతను నవ్వాడు. అంతసేపూ నేను భయపడుతూ ఉన్నది తిట్లకు. ఆ నవ్వుకు సిద్ధంగా లేను.

"నాకు చెప్తే ఏమస్తది పటేలా? నా వయసు మల్లొస్తదా? మా యాడికి చెప్పు. బావను నీళ్లు గూడ ముట్టనియ్యదు మా ఇంట్ల."

ఫోను తీసి యాడికి, అంటే తల్లికి, కలిపాడు. వాళ్ల భాషలో రెండు మాటలు మాట్లాడి ఫోను నా చేతిలో పెట్టాడు. "తెలుగు జర తక్కువొస్తది. నిమ్మలంగ చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను, అల్లుడు కాదమ్మా, నేనని. మూడోసారి చెప్పాక అవతల మాట ఆగిపోయింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఫోను పెట్టేయలేదు. ఊపిరి ఒక్కటే వినబడుతోంది. అతను నా మొహం చూస్తూ ఎదురుగా కూర్చున్నాడు.